ఆహారశుద్ధి ప్రశ్న: శంకరం కొండ నుంచి రంగం దాకా

అన్నానికి శుద్ధి, మైల అనేవి ఆ అన్నంలోనే ఉంటాయా, వండి వడ్డించిన చేతిలో ఉంటాయా, లేక పెట్టేవాడి బుద్ధిలోనూ తినేవాడి బుద్ధిలోనూ ఉంటాయా అన్నది భారతీయ ధర్మచింతనలో ఎన్నడూ పూర్తిగా తెగని ప్రశ్న. గ్రంథాలలో ఇది పండితుల వివాదంగా మిగిలింది గాని, శారదా నది ఒడ్డున ఉన్న కశింకోట, అనకాపల్లి ప్రాంతాల జీవితంలో మాత్రం ఇది రెండు సార్లు కళ్లెదుట నిలిచింది. సుమారు పదిహేను వందల ఏళ్ల కిందట, కశింకోటకు పది కిలోమీటర్ల లోపే ఉన్న శంకరం కొండల మీద బౌద్ధ భిక్షువులు పాత్రలు పట్టి చుట్టుపక్కల ఊళ్ల అన్నం తిన్నప్పుడు ఇది మొదటిసారి ఎదురైంది. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట విశాఖ జిల్లా కూలీలు ఓడలెక్కి బర్మా వెళ్లి, అక్కడి వీధుల్లో అదే పాత్రను చూసినప్పుడు రెండోసారి ఎదురైంది. ఉత్తరాంధ్ర పల్లెలు ఆనాటి రంగూన్‌ను, అంటే నేటి యాంగోన్‌ను, ‘రంగం’ అనేవి. అందుచేత ఈ వ్యాసంలోనూ ఆ మాటే వాడడం ఉచితం.

ప్రశ్న స్వరూపం తెలియడానికి ముందు శాస్త్రం చేసిన విభజనను చూడాలి. ఆహారం శుద్ధమైతే మనస్సు శుద్ధమవుతుందని చెప్పే వాక్యం ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయం చివర ఉంది. దానికి శంకరాచార్యులు, రామానుజాచార్యులు చెప్పిన అర్థాలు వేరు వేరు. శంకరుల దృష్టిలో ఆహారమంటే ఇంద్రియాలు లోపలికి తెచ్చుకునేదంతా, అంటే చూసిన రూపం, విన్న శబ్దం కూడా. కాబట్టి రాగద్వేషాలు లేకుండా గ్రహించడమే ఆహారశుద్ధి. రామానుజులు మాత్రం ఆ మాటకు కంచంలోని అన్నమనే అర్థమే ఉంచి, అన్నానికి పట్టే దోషాలను మూడుగా చెప్పారు. వస్తువు స్వభావం వల్ల వచ్చేది జాతిదోషం, ఉల్లి, వెల్లుల్లి వంటివి దీనికి ఉదాహరణ. ఆ అన్నం ఎవరిదో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో దాన్ని బట్టి వచ్చేది ఆశ్రయదోషం. వెంట్రుక పడడం, ఎంగిలి కలవడం వంటి కారణాల వల్ల వచ్చేది నిమిత్తదోషం. తెలుగు ఇళ్లలో మడి, అంటు, ఎంగిలి అనే మూడు మాటల చుట్టూ తిరిగే ఆచారమంతా ఈ విభజనలో ఇముడుతుంది. వీటిలో మొదటిది, మూడోది వంటింటి విషయాలు. నడిమిది, అంటే ఆశ్రయదోషం, సమాజ విషయం, ఎందుకంటే అక్కడ మైల పడేది అన్నం కాదు, మనిషి.

సముద్రయానం మీద ఉన్న నిషేధానికి మూలం కూడా కొంతవరకు ఇక్కడే ఉంది. బౌధాయన ధర్మసూత్రం మొదట్లోనే దక్షిణాది వారికి ప్రత్యేకమైన ఆచారాలను, ఉత్తరాది వారికి ప్రత్యేకమైన ఆచారాలను ఐదేసి చొప్పున లెక్కపెడుతుంది. దక్షిణాది జాబితాలో ఉపనయనం కానివారితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, నిలవ ఉన్న అన్నం తినడం, మేనమామ కూతురిని లేదా మేనత్త కూతురిని పెళ్లాడడం ఉన్నాయి. చద్దన్నమూ మేనరికమూ లేని తెలుగు పల్లెను ఊహించలేని పాఠకుడికి ఈ జాబితా చదివితే నవ్వు రాక మానదు. ఓడ ఎక్కడం మాత్రం అందులో లేదు, అది ఉన్నది ఉత్తరాది జాబితాలో. అదే గ్రంథం మరోచోట సముద్రయానాన్ని మనిషిని పతితుణ్ణి చేసే పాపాలలో మొదట పేర్కొని, దానికి మూడేళ్ల ప్రాయశ్చిత్తం విధించింది. నాలుగు భోజన వేళలకు ఒకసారి కొద్దిగా తినాలి, మూడు వేళలా స్నానం చేయాలి, పగలంతా నిలబడాలి, రాత్రంతా కూర్చోవాలి. ఓడ మీద జరిగిన తప్పును కంచం దగ్గరే తీర్చుకొమ్మనడం గమనించదగిన విషయం, ఎందుకంటే ఓడ మీదా పరదేశంలోనూ మొట్టమొదట చెడేది మడి, ఆ తరవాతే తక్కినవి.

అయితే ఈ సూత్రం ఎవరిని ఉద్దేశించిందో మరచిపోకూడదు. పోగొట్టుకోవడానికి ఒక స్థాయి ఉన్నవాడికే పాతిత్యభయం ఉంటుంది. విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుంచి రంగం ఓడలెక్కినవారిలో అత్యధికులు భూమి లేని కూలీలు, చిన్న రైతులు, చేతివృత్తులవారు. కరవు, అప్పు వారిని తరిమాయి, మేస్త్రీలనే కూలి గుత్తేదార్లు బయానా ఇచ్చి తీసుకుపోయారు. ఇరావతి డెల్టాలో వరి సాగు పెరిగి రంగంలో బియ్యం మిల్లులు, రేవు పనులు విస్తరించిన కొద్దీ ఈ ప్రవాహం పెరిగింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10,17,825 మంది ఉండగా, అందులో తెలుగువారు లక్షన్నరకు పైబడి ఉన్నారు. బర్మా వారు వీరిని, గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు మీద, కోరంగీలన్నారు. శాస్త్రం నిషేధించిన సముద్రాన్ని శాస్త్రం చదవనివారు దాటారు, చదివినవారిలో చాలామంది ఒడ్డునే ఉండిపోయి ఆ నిషేధాన్ని కాపాడారు. ధర్మశాస్త్ర చరిత్రలు ఈ ముక్క మీద తగినంత నిలబడలేదని చెప్పక తప్పదు.

రంగంలో తెల్లవారుతూనే కనిపించే దృశ్యం కాషాయ వస్త్రాలు ధరించి, నల్లని పాత్రలు పట్టుకుని, చెప్పులు లేకుండా వరసగా నడిచే భిక్షువులది. తెలుగు కూలీకి భిక్షం కొత్త కాదు. మధూకరం ఎత్తుకునే విద్యార్థులు, జంగాలు, దాసర్లు, హరిదాసులు అతని ఊళ్లోనూ ఉన్నారు. కొత్తది ఏమిటంటే, ఈ పాత్రలో అన్ని ఇళ్ల అన్నం కలిసిపోతుంది, దాన్ని ఎవరూ వేరు చేయరు. స్థవిరవాద సంప్రదాయంలో, అంటే బర్మా, థాయ్‌లాండ్, కంబోడియా, లావోస్, శ్రీలంకల్లో నిలిచిన ప్రాచీన బౌద్ధశాఖలో, భిక్షువు ఇల్లు ఎంచుకోకుండా వరసగా వెళ్లడం ఒక వ్రతం, దాన్ని పాలిలో ‘సపదాన’ చర్య అంటారు. ధనికుడి ఇల్లు వచ్చిందని ఆగకూడదు, పేదవాడి ఇల్లని దాటిపోకూడదు. ఈ నియమం ఎంత దూరం పోగలదో చెప్పే కథ థేరగాథల్లో ఉంది. బుద్ధుని ప్రధాన శిష్యులలో ఒకడైన మహాకస్సపుడు భిక్షకు వెళ్తే ఒక కుష్ఠురోగి తన అన్నంలో ముద్ద పెడతాడు, పెడుతుండగా అతని వేలు కూడా ఊడి పాత్రలో పడుతుంది, కస్సపుడు ఒక గోడ పక్కన కూర్చుని ఆ అన్నం తింటాడు, రోత కలగలేదని చెబుతాడు. రామానుజులు చెప్పిన మూడు దోషాలలో ఆశ్రయదోషం, నిమిత్తదోషం రెండూ ఈ ఒక్క ముద్దలో ఉన్నాయి. అయినా అది శుద్ధాన్నమే అని ఆ గాథ తీర్పు.

దీన్ని బట్టి బౌద్ధానికి ఆహార నియమాలు లేవనుకుంటే పొరపాటు. వినయపిటకం, అంటే భిక్షువుల నడవడి నియమాల గ్రంథం, ఈ విషయంలో ధర్మసూత్రాలకు తీసిపోదు. మధ్యాహ్నం దాటితే తినకూడదు. ఎవరో ఒకరు చేతికి ఇవ్వనిదే, ఎదురుగా ఉన్న పండునైనా నోట పెట్టకూడదు, మినహాయింపు నీటికి, పళ్ళపుల్లకు మాత్రమే. ఈ రోజు వచ్చిన అన్నం రేపటికి దాచుకుని తినకూడదు. ఈ చివరి నియమం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నిలవ అన్నం ధర్మశాస్త్రంలోనూ నిషిద్ధమే, వినయంలోనూ నిషిద్ధమే, కాని కారణాలు వేరు. ధర్మశాస్త్రానికి రాత్రి గడిచిన అన్నం చెడినది, అందులో దోషం పుట్టింది. వినయానికి ఆ అన్నంలో ఏ దోషమూ లేదు, దాచినవాడిలో ఉంది, ఎందుకంటే దాచిన క్షణంలో భిక్ష ఆస్తి అయింది. అదే విధంగా, ఇవ్వనిది తినకూడదన్న నియమంలో అన్నాన్ని తినదగినదిగా చేసేది ఇవ్వడమనే క్రియ. వండినది ఎవరు, ఏ కులం, ఏ కుండ అన్న ప్రశ్నలకు అక్కడ చోటు లేదు.

ఇలాంటి ఆలోచన వైదిక వాఙ్మయానికి పూర్తిగా పరాయిది కూడా కాదు. ఛాందోగ్యంలోనే ఉషస్తి చాక్రాయణుని కథ ఉంది. కురుదేశంలో పంటలు పాడై ఆకలికి అలమటిస్తున్న ఉషస్తి, ఏనుగుల వాడొకడు తింటున్న గుగ్గిళ్ల వంటి కుల్మాషాలను అడిగి, అతని ఎంగిలినే తింటాడు. తరవాత అతడు నీళ్లివ్వబోతే మాత్రం ఎంగిలి నీరు తాగనంటాడు. తిండి లేకపోతే ప్రాణం పోయేది, నీరు కావలసినంత దొరుకుతుంది అన్నది అతని సమాధానం. మర్నాడు ఉదయం భార్య దాచి ఉంచిన ఆ మిగులునే చద్దిగా తిని, రాజు చేస్తున్న యజ్ఞానికి వెళ్లి ఋత్విక్కులను ప్రశ్నలతో నిలవేస్తాడు. బ్రహ్మసూత్రాలు ఈ కథను ఆధారం చేసుకుని, ప్రాణాపాయంలో మాత్రమే సర్వాన్నానికి అనుమతి ఉందని నిర్ణయించాయి. ఇక్కడే రెండు దారులు విడిపోతాయి. వైదికానికి ఎంగిలి తినడం ఆపద్ధర్మం, అంటే కష్టకాలంలో మాత్రమే చెల్లే మినహాయింపు. బౌద్ధభిక్షువుకు పరుల కంచం నుంచి వచ్చినది తినడం నిత్యధర్మం. ఒకరి మినహాయింపు మరొకరికి నియమమైంది. రంగం వెళ్లిన కూలీ జీవితమంతా ఆపత్కాలమే కాబట్టి అతనికి ఈ రెంటి మధ్య తేడా పెద్దగా తోచి ఉండదు.

ఇక బర్మా భోజనం మాటకు వస్తే, అక్కడి వాసన మొదట అడ్డు వచ్చినా రుచి అంత పరాయిది కాదు. చేపను ఉప్పువేసి పులియబెట్టి ముద్ద చేసే ఙపీ లేనిదే బర్మా వంట లేదు. చేపల పులుసులో అరటి దవ్వ వేసి సన్నని బియ్యపు సేమ్యాతో తినే మొహింగా అక్కడి ఉదయపు ఫలహారం. ఊరబెట్టిన తేయాకును వేయించిన పప్పులతో కలిపి తినే లపెట్ అతిథి మర్యాదకు గుర్తు. ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు, రాత్రి పోసిన తరవాణి తెలిసిన మనిషికి పులిసిన వాసన కొత్త కాదు. భోజనం అయ్యాక బర్మా వారు నోట్లో వేసుకునే తాటిబెల్లం ముక్క, బెల్లం మార్కెట్‌కు పేరుపడిన అనకాపల్లి పరిసరాల వాడికి ఇంటిని గుర్తు చేసి ఉండాలి.

కాని అహింసను బోధించిన మతం చేపను, మాంసాన్ని ఎలా ఒప్పుకుంది? ఈ ప్రశ్న తెలుగు పాఠకుడికి తప్పక వస్తుంది, బౌద్ధంలోపలే చాలా ముందుగా వచ్చింది. వినయపిటకంలో భాగమైన మహావగ్గంలో దీనికి ఇచ్చిన సమాధానాన్ని త్రికోటి పరిశుద్ధి అంటారు. తన కోసం చంపడం చూడనిది, చంపారని విననిది, చంపారేమో అన్న అనుమానం కూడా లేనిది అయితే భిక్షువు ఆ మాంసం తినవచ్చు. మనిషి, ఏనుగు, గుర్రం, కుక్క, పాము, సింహం, పులి వంటి పది రకాల మాంసం మాత్రం ఎలా వచ్చినా కూడదు. భిక్షువులంతా మాంసం, చేప పూర్తిగా మానాలని బుద్ధునికి ఎదురుతిరిగిన శిష్యుడు దేవదత్తుడు పట్టుబట్టినప్పుడు బుద్ధుడు దాన్ని నియమంగా చేయడానికి నిరాకరించాడని చుల్లవగ్గం చెబుతుంది. సుత్తనిపాతంలోని ఆమగంధ సుత్తం ఇంకా లోతుకు పోయింది. ఆమగంధమంటే పచ్చిమాంసపు వాసన. మాంసం తినడం ఆమగంధం కాదు, చంపడం, దొంగతనం, అబద్ధం, పరుల మీద క్రూరత్వం, ఇవే ఆమగంధమని అక్కడ పూర్వబుద్ధుడైన కస్సపుడు ఒక తాపసుడికి చెబుతాడు. ఈ సుత్తానికి తెలుగులో పెద్ద వ్యాఖ్యానం అక్కరలేదు, మన భాషలో చేపను, మాంసాన్ని ‘నీచు’ అంటాం, తక్కువ బుద్ధినీ ‘నీచం’ అంటాం. వంటింటి మాటను నడవడికి అంటగట్టిన భాష ఇది, సుత్తం ఆ రెంటినీ విడదీసి, నీచు కంచంలో లేదు నడవడిలో ఉందంటుంది.

ఈ వాదన ఎంత సొగసుగా ఉన్నా దానిలో ఒక చిల్లు ఉంది. తినేవాడు చూడలేదు, వినలేదు, అనుమానించలేదు, సరే, మరి చంపినవాడి మాటేమిటి? మాంసం అమ్మకం ఉపాసకులు, అంటే గృహస్థ బౌద్ధులు, చేయకూడని ఐదు వ్యాపారాలలో ఒకటని అంగుత్తర నికాయం చెబుతుంది. అంటే బర్మా సమాజమంతా రోజూ చేప తింటుంది, పాపం మాత్రం వల వేసినవాడి మీదా కత్తి పట్టినవాడి మీదా పడుతుంది. మడి పాటించే సమాజం మైలను కొన్ని కులాల మీదికి తోసినట్టే, ఇది పాపాన్ని కొన్ని వృత్తుల మీదికి తోసింది. అన్నాన్ని మైల నుంచి విడిపించిన తత్త్వం మనిషిని పూర్తిగా విడిపించలేకపోయింది. తరవాతి మహాయాన గ్రంథమైన లంకావతార సూత్రం మాంసాహారాన్ని గట్టిగా ఖండించడానికి ఈ అసంతృప్తి కూడా ఒక కారణమని భావించవచ్చు.

ఒక్క గోమాంసం విషయంలో మాత్రం బర్మా, ఆంధ్ర అనూహ్యంగా ఒకచోట కలుస్తాయి. ఆధునిక విపశ్యన సంప్రదాయానికి ఆద్యులలో ఒకరైన లెడి సయాడా 1885 ప్రాంతంలో రాసిన ఒక లేఖలో గోమాంసం మానమని బర్మా ప్రజలను కోరారు. ఆయన వాదన ఆవు పవిత్రమని కాదు, దాని మాంసం అశుద్ధమనీ కాదు. దున్ని, బండి లాగి మనిషికి తిండి పెట్టిన పశువును తినడం కృతఘ్నత అన్నది. కనుమ నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో దండలు వేసే కశింకోట రైతుకు ఈ వాదన కొత్త కాదు. అతడు దాన్ని గ్రంథంగా రాయలేదు, అంతే. శుద్ధి, అశుద్ధి అనే లెక్క వదిలి, రుణం అనే లెక్కలో ఆహారాన్ని చూస్తే రెండు దేశాలకూ ఒకే పద్దు వస్తుంది.

దీనికి మరో రూపం ‘సతుదిత’. పండుగలలో, ముఖ్యంగా ఏప్రిల్‌లో వచ్చే నీటి పండుగ తింజాన్‌లో, వీధి మొగలో పందిరి వేసి వచ్చేపోయే వారందరికీ ఉచితంగా తిండి పెట్టడాన్ని బర్మా వారు ఆ పేరుతో పిలుస్తారు. అది పాలి ‘చాతుద్దిస’ నుంచి పుట్టిన మాట, నాలుగు దిక్కులవారికి అని అర్థం. ప్రాచీన భారతంలో విహారాలకు దానాలిచ్చిన శాసనాలు ఆ దానాన్ని నాలుగు దిక్కుల సంఘానికి, అంటే ఏ దిక్కు నుంచి వచ్చిన భిక్షువుకైనా చెందేటట్టు రాశాయి. సంఘానికి వాడిన ఆ మాటను బర్మా వీధి దారినపోయే ప్రతి మనిషికీ వర్తింపజేసింది. ఇంటి ముందు అరుగు మీద బాటసారులకు మంచినీళ్ల కుండలు పెట్టడం కూడా అక్కడ పుణ్యకార్యమే, మన చలివేంద్రానికి అది సోదరి. దాహానికి మైల చూడని చలివేంద్రం ఆకలి దగ్గరికి వచ్చేసరికి మన ఊళ్లలో సత్రాలుగా విడిపోయి, సత్రాల్లో పంక్తులుగా విడిపోయింది.

అయినా బర్మాను ఆదర్శలోకంగా చూపితే చరిత్రకు అన్యాయం చేసినట్టవుతుంది. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకుని, సమ్మె తీరగానే వారిని తొలగించారు. మే 26న మొదలైన అల్లర్లలో తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో చనిపోయారు. ఆ ఉదయం భర్తలకు అన్నం మూటలు తెచ్చిన బర్మా స్త్రీలను చూసి కోరంగీలు ఎగతాళి చేయడంతో గొడవ రాజుకుందన్నది నాటి కథనాలలో ఒకటి. కూలి పోయిన చోట అన్నం మూట కూడా కత్తులు దూయించగలదు. 1942లో జపాన్ దాడికి భయపడి లక్షలాది భారతీయులు కొండలు, అడవులు నడిచి తిరిగివచ్చారు. 1962లో అధికారం చేపట్టిన నే విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక, 1964 నుంచి మరో పెద్ద అల వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అప్పటి గుర్తే.

తిరిగివచ్చినవారు చూసి వచ్చిన భిక్షాపాత్ర ఒకప్పుడు తమ ఇంటి పక్క కొండ మీద ఉండేదని వారిలో ఎంతమందికి తెలుసునో చెప్పలేం. శంకరం అన్న ఊరి పేరు సంఘారామం, అంటే భిక్షువుల నివాసం, అన్న మాట నుంచి వచ్చింది. అక్కడి బొజ్జన్నకొండ, లింగాలకొండ మీద రాతిని తొలిచిన గుహలు, ఏకశిలా స్తూపాలు, ఇటుక విహారాలు ఉన్నాయి. 1906 నుంచి పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాలలో సముద్రగుప్తుని బంగారు నాణెం, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణేలు దొరికాయి. బర్మాలోని ప్యూ జాతి ప్రాచీన రాజధాని శ్రీక్షేత్రంలో 1926లో బయటపడ్డ ఇరవై బంగారు రేకుల పాలి గ్రంథం లిపికీ దక్షిణ భారత, ముఖ్యంగా ఆంధ్ర ప్రాంతపు లిపులకూ ఉన్న పోలికను పండితులు గుర్తించారు. అంటే రంగం వెళ్లిన తెలుగువాడు అక్కడ పరాయి ధర్మాన్ని చూడలేదు, తూర్పు తీరం ఓడల మీద పంపి, ఇంట్లో మరచిపోయిన ధర్మాన్ని చూశాడు.

ఎంతగా మరచిపోయిందో బొజ్జన్నకొండే చెబుతుంది. బొజ్జన్న అన్నది బుద్ధుని పేరు మారిన రూపమంటారు. కాని తెలుగు చెవికి అందులో వినిపించేది బొజ్జ. కనుమ నాడు చుట్టుపక్కల జనం ఈ కొండకు తీర్థంగా వచ్చి, బొజ్జలా ఉబ్బెత్తుగా కనిపించే ఆకారాన్ని రాక్షసుడి పొట్టగా భావించి రాళ్లు రువ్వడం చాలాకాలం ఆచారంగా సాగింది. మధ్యాహ్నం దాటితే తినవద్దన్న గురువు తెలుగు నోట బానపొట్ట రాక్షసుడయ్యాడు. వారసత్వ పరిరక్షణ కోసం పనిచేసేవారి పూనికతో ఈ రాళ్ల వేటు ఈ మధ్య కాలంలో తగ్గింది.

అదే కొండ అడుగున హారీతి శిల్పం ఉంది. బౌద్ధగాథల ప్రకారం హారీతి పసిపిల్లలను తినే యక్షిణి. బుద్ధుడు ఆమె కడసారపు బిడ్డను తన భిక్షాపాత్ర కింద దాచి, కన్నకడుపు బాధ తెలిసేటట్టు చేస్తాడు. మారిన తరవాత ఆమె, ఇక తానేం తినాలని అడిగితే, భిక్షువులు తమ భోజనంలో ప్రతిరోజూ ఆమెకు ఒక భాగం పెడతారని మాట ఇస్తాడు. ఏడవ శతాబ్దంలో భారతదేశానికి వచ్చి, తిరిగి వెళ్తూ సుమత్రాలోని శ్రీవిజయంలో ఏళ్ల తరబడి ఉండి తన గ్రంథాన్ని అక్కడే రాసిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, భారత విహారాలలో భోజనశాల మూలనో ముఖమండపంలోనో హారీతి ప్రతిమ ఉండేదనీ, రోజూ ఆమె ముందు అన్నం పెట్టేవారనీ నమోదు చేశాడు. జావాలోని మెందుత్ ఆలయం గోడ మీదా పిల్లల మధ్య ఆమె కూర్చుని ఉంది. తినకూడనిది తిన్న రాక్షసిని కూడా పంక్తిలో కూర్చోబెట్టిన ఆచారం అది, అంతకంటే పెద్ద ఆశ్రయదోషం ఏ ధర్మశాస్త్రమూ ఊహించి ఉండదు. కశింకోట నుంచి కనుమకు కొండ చూడబోయేవారు మెట్లెక్కే తొందరలో ఆమెను దాటిపోకుండా, ముందు అక్కడ కాసేపు నిలబడాలి.